గొంతు వెనకున్న స్వరకర్త
ఘంటసాల స్మారకోపన్యాస పాఠం, మచిలీపట్నం



ఘంటసాల వెంకటేశ్వరరావుగారి పేరున జరిగే సభల్లో మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ ఆయన గొంతు గురించే మాట్లాడతారు. మూడు స్థాయిల్లోనూ నిండుగా పలికే గాత్రం, ఒక్క అక్షరం కూడా జారిపోని ఉచ్చారణ, వినగానే గుర్తుపట్టగలిగే గాంభీర్యం. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇంతటితో సరిపెట్టుకుంటే ఆయన చేసిన పనిలో సగం లెక్కలోకి రాకుండానే పోతుంది. ఆయన దాదాపు వంద సినిమాలకు సంగీత దర్శకుడు. పాతాళభైరవి, మాయాబజార్, గుండమ్మకథ, లవకుశ చూసినవాళ్లకు వాటి పాటలు నోటికి వచ్చు. వాటికి బాణీ కట్టింది ఎవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఈ ఉపన్యాసంలో నేను నిలబెట్టదలచిన వాదం ఒకటే. ముప్పై ఏళ్లు తెలుగువాడి చెవిని ఏలిన ఆ గొంతును తీర్చిదిద్దింది ఆయనలోని స్వరకర్త. ఏది పాడాలో, ఏది పాడకుండా వదిలెయ్యాలో ఆ స్వరకర్తే తేల్చాడు. ఈ మాట ఒప్పుకుంటే, ఆయన్ని స్మరించుకునే పద్ధతిని కూడా మనం కొంత మార్చుకోవలసి వస్తుంది.

ముందుగా ఆయన పుట్టిన కృష్ణా డెల్టా నేల సంగతి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలవల నీళ్లు బందరు దాకా, దివిసీమ దాకా పారాక ఈ ప్రాంతంలో పంట చేతికొచ్చిన నెలల్లో నాటకం ఆడించగల స్తోమతు ఊళ్లకు కలిగింది. బందరు హిందూ హైస్కూల్లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు తెలుగు పాఠం చెప్పారు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు చదువు రాని రైతు నోట కూడా ఆడాయి. బందరు ఇండియన్ డ్రమటిక్ కంపెనీకి పింగళి నాగేంద్రరావుగారు నాటకాలు రాశారు. కూచిపూడిలో భాగవతులు, మొవ్వలో క్షేత్రయ్య పదం, పెదకళ్ళేపల్లిలో సుసర్ల వారి సంగీతం, వీటన్నిటి మధ్యా ఊరూరా పద్యనాటకం. తర్వాత్తర్వాత కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. వేర్వేరు సమాజాల నుంచి పేరున్న నటుల్ని పోగుచేసి, ఒకే రాత్రి ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గుర్ని దించేవారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు పోటీపడి పద్యాలు పాడేవారు. పద్యం చివర రాగం ఎంత సాగితే అన్ని చప్పట్లు, అన్ని వన్స్‌మోర్లు. వేదిక ముందు కూర్చున్న హార్మోనిస్టు ఆ రాగాన్ని ఎగదోసేవాడు. ఆ హార్మోనియం మూలాలు పారిస్‌లో ఉన్నాయి. అలెగ్జాండర్ దెబాన్ అనే పనివాడు 1842లో దానికి పేటెంటు పొందాడు. ఫ్రెంచివాళ్ల పేట పరాసుపేట ఉన్న బందరులో ఫ్రెంచి వర్తకం ఏనాడో అంతరించింది కానీ, ఫ్రెంచివాడి వాయిద్యం మాత్రం కలకత్తాలో చేతిపెట్టెగా మారి మన నాటకానికి ప్రాణమై కూర్చుంది.

ఇలాంటి చోట, గుడివాడ దగ్గరి చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న ఘంటసాల పుట్టారు. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. పిల్లవాడు ఆ తరంగాలకు అడుగులు వేసేవాడు. ఈ వివరాన్ని జీవితచరిత్రలు ముచ్చటగా చెప్పి వదిలేస్తాయి. నాకు అది ముఖ్యమైన సాక్ష్యం. తరంగానికి ఆడే పిల్లవాడికి పాట మొదట ఒంటికి పడుతుంది, ఆ తర్వాతే గొంతుకు వస్తుంది. నడక ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ విడుస్తుందో కాళ్లకు తెలుస్తుంది. తండ్రి పోయాక విజయనగరం వెళ్లి, వారాలు చేసుకుని, మధూకరం ఎత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర శాస్త్రీయ గాత్రం నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో బళ్ళారి అలీపురం జైలుకు వెళ్లారు. సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహంతో మద్రాసు చేరి, కోరస్‌లో గొంతు కలిపి, 1945లో స్వర్గసీమలో భానుమతిగారితో కలిసి పాడారు. 1949లో మనదేశం, కీలుగుర్రం సినిమాలతో సంగీత దర్శకుడిగా నిలదొక్కుకున్నారు. తేదీలు గమనించండి. గాయకుడిగా స్థిరపడిన చాలా ఏళ్లకు సరదాపడి బాణీలు కట్టినవాడు కాదాయన. రెండు పనులూ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి.

ఆయన సినిమాలోకి వచ్చేనాటికి ప్రపంచమంతటా పాట స్వభావాన్ని మైకు మార్చేస్తోంది. అంతకుముందు గాయకుడి మొదటి అర్హత వెనక వరసవాడికి వినిపించడం. మైకు వచ్చాక చెవి దగ్గర మాట్లాడినట్టు పాడినా హాలంతా వింటుంది. అమెరికాలో బింగ్ క్రాస్బీ ఈ సంగతి ముందే పసిగట్టాడు. పారిస్‌లో జాన్ సబ్లాన్ 1936లో మైకు పట్టుకుని వేదిక ఎక్కితే, ఇక గొంతెందుకని అక్కడివాళ్లు వెక్కిరించారు. మనకు సమస్య ఇంకా జటిలం. పద్యం మన నాటకానికి ఆయువుపట్టు. ఆ పద్యం ఆరుబయట వేలమందిని ఉద్దేశించి తయారైంది. దాన్ని అలాగే తెచ్చి మైకు ముందు పెడితే కేక అవుతుంది. పాడటం మానేసి చదివేస్తే పద్యం చచ్చిపోతుంది. ఈ చిక్కుముడి విప్పడానికి మంచి గొంతు ఉంటే చాలదు. పద్యాన్ని కొత్తగా కట్టుకోవాలి.

ఆయన ఏం చేశారో కాస్త దగ్గరికి వెళ్లి చూద్దాం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. తెలుగు పద్యంలో పాదం చివర మాట ముగియాలన్న నియమం లేదు. మాట సగంలో తెగి కింది పాదంలోకి పోతుంది. రంగస్థలం మీద చాలామంది పాదం చివర ఊపిరి తీసుకునేవారు. దాంతో మాట విరిగేది, అర్థం చెదిరేది. ఆ లోటును చివరి రాగంతో పూడ్చేవారు. ఘంటసాల పద్యంలో ఊపిరి అన్వయాన్ని బట్టి నడుస్తుంది. కర్త ముగిసిన చోట చిన్న విరుపు, క్రియ మీద నిలకడ, సంబోధన దగ్గర మెత్తదనం. పాదం తెగిన చోట మాత్రం ఆగరు, ఒక స్వరం మీదుగా జారి కిందికి వెళ్లిపోతారు. యతి స్థానం వినపడుతుంది, కానీ దాన్ని నొక్కి చూపించరు. చివర రాగం ఉంటుంది, అయితే అది పద్యంలోని భావం తీరడానికి ఎంత కావాలో అంతే. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపం రికార్డు వినండి. పూలు కోయబోయిన మనిషిని పువ్వులు నిలదీసే ఖండిక అది. నిందకు గొంతు పెంచడం నాటకం పద్ధతి. ఇక్కడ నింద పెరిగేకొద్దీ స్వరం తగ్గి, మాట స్పష్టమవుతుంది. పాత 78 రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. ఆ హద్దు ఆయనకు అడ్డంకి కాలేదు, పొదుపు నేర్పింది. ఇక్కడ మనం మెచ్చుకుంటున్నది నాదాన్నని అనుకుంటాం. నిజానికి మెచ్చుకుంటున్నది ఆ పొదుపును. అది స్వరకర్త చేసే నిర్ణయం.

జాజ్ సంగీతంలో పియానో ముందు కూర్చుని తన పాట తానే పాడుకునే గాయకుల పరంపర ఒకటుంది. నాట్ కింగ్ కోల్ మొదట పియానో కళాకారుడు, ఆ తర్వాతే గాయకుడు. ఫ్రాన్స్‌లో మిషెల్ లెగ్రాన్, 1932లో పుట్టి 2019లో పోయినవాడు, జాజ్ పియానిస్టు, గాయకుడు, సినిమా స్వరకర్త. ఇలాంటివాళ్ల పాటలో ఒక లక్షణం కనిపిస్తుంది. వాయిద్యం ఏం చెప్పబోతోందో ముందే తెలుసు కాబట్టి గొంతుతో అన్నీ చెప్పేయాలన్న ఆత్రం ఉండదు. పాట మధ్యలో ఖాళీ ఉంచుతారు. ఆ ఖాళీని వేళ్లు నింపుతాయి. జాజ్‌లోని అప్పటికప్పటి కల్పన వేరు, మన సినిమా పాట నిర్మాణం వేరు, ఆ పోలికను అంతకుమించి లాగకూడదు. కానీ హార్మోనియం ముందు కూర్చుని బాణీ కట్టి, వాద్యబృందానికి వరసలు చెప్పి, ఆ తర్వాత మైకు ముందు నిలబడిన ఘంటసాలకు కూడా ఆ జ్ఞానం ఉంది. ఫ్లూటు ఎక్కడ అందుకుంటుందో ఆయనకు తెలుసు, కనుక అక్కడ పల్లవి చివరను సాగదీయరు. మన దగ్గర మాటా, స్వరమూ, గానమూ ఒక్కరివే అయిన వాగ్గేయకారులు ఉండేవారు. మొవ్వ గోపాలుడి మీద పదాలు కట్టిన క్షేత్రయ్య ఈ నేల మీదివాడే. సినిమా ఆ మూడు పనుల్నీ ముగ్గురికి పంచింది. ఘంటసాల వాటిలో రెంటిని తిరిగి ఒక్కచోటికి తెచ్చారు. మూడోదాని కోసం సముద్రాల, పింగళి వంటి నాటకం తెలిసిన రచయితల పక్కన కూర్చున్నారు.

ఆయన గొంతు ఇద్దరు మహానటులకు సరిపోవడాన్ని కూడా ఈ కోణం నుంచే చూడాలి. ఎన్.టి. రామారావుగారిది నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావుగారిది రామాపురం, ఘంటసాలది చౌటపల్లి. ముగ్గురివీ గుడివాడ చుట్టుపక్కల ఊళ్లే, ముగ్గురూ రెండు మూడేళ్ల తేడాలో పుట్టినవాళ్లే. రామారావుగారికి పాడేటప్పుడు స్వరం ఛాతీలోంచి వస్తుంది, హల్లులు బరువుగా పడతాయి. నాగేశ్వరరావుగారికి పాడేటప్పుడు అచ్చులు సాగుతాయి, వాక్యం చివర స్వరం మెత్తబడుతుంది. మిమిక్రీ అయితే ఇది నాలుగు సినిమాలకే విసుగు పుట్టించేది. ఆయన అనుకరించింది నటుల కంఠాల్ని కాదు, వాళ్లు డైలాగు చెప్పే నడకని. మాట నడకను పట్టుకుని దానికి స్వరం తొడగడం స్వరకర్తకు రోజూ ఉండే పనే.

ఇంకా గట్టి సాక్ష్యం, ఆయన తాను పాడకుండా ఇతరులకు ఇచ్చిన పాటల్లో ఉంది. లవకుశ 1963లో వచ్చింది. ముప్పైకి పైగా పాటలూ పద్యాలూ ఉన్న సినిమా, సంగీతం ఆయనదే. రాముడి గొంతు ఆయనది. కానీ ఆ సినిమాను మోసింది లవుడూ కుశుడూ, అంటే లీల, సుశీల గార్లు. రామకథ గానం చేసే ఇద్దరు పిల్లలకు ఉత్తర రామాయణ కవి కంకంటి పాపరాజు నాటి పద్యశైలినీ, పల్లెల్లో పాడుకునే వరసనూ కలిపి, ఇద్దరి గొంతులూ ఒకదాని వెంట ఒకటి నడిచేలా కట్టిన బాణీలవి. మాయాబజార్‌లో ఘటోత్కచుడి విందుపాట మాధవపెద్ది సత్యంగారికి వెళ్లింది. ఎస్.వి. రంగారావుగారి దేహానికి ఆ గొంతే నప్పుతుందని తేల్చింది స్వరకర్తే. గాయకుడి స్వార్థం పైచెయ్యి అయితే ఇలాంటి పంపకం జరగదు. లవకుశ వచ్చిన మరుసటి ఏడే, 1964లో, లెగ్రాన్ సంగీతంతో జాక్ దెమీ తీసిన ‘అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్బూర్’ వచ్చింది. పెట్రోలు బంకులో మాటలతో సహా ప్రతి సంభాషణా పాటే అయిన సినిమా అది. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి అందుకుంది. పాటతోనే కథ నడపడం గొప్ప ప్రయోగమని ప్రపంచం మెచ్చుకుంది. మన భాగవతుల మేళానికీ, మన నాటకానికీ అది పాత విద్య. లవకుశలో ఆ విద్య ఎంత చాకచక్యంగా తెరకెక్కిందో విడమరచి చెప్పే పని మన విమర్శకులు సరిగా చెయ్యలేదు.

ఆ విద్య పూర్తి రూపం చూడాలంటే 1967 నాటి రహస్యం సినిమాలోని గిరిజా కల్యాణం వినాలి. సినిమా ఆడలేదు. గిరిజా కల్యాణం నిలిచింది. రచన మల్లాది రామకృష్ణశాస్త్రిగారిది, బందరు మనిషి. సినిమా విడుదలయ్యేనాటికి ఆయన లేరు. దర్శకుడు కూచిపూడి వేదాంతం రాఘవయ్యగారు. స్వరకర్త చౌటపల్లి ఘంటసాల. కృష్ణా డెల్టాలో పాతిక మైళ్ల లోపల పుట్టిన మూడు సంప్రదాయాలు, సాహిత్యం, ఆట, గానం, మద్రాసు స్టూడియోలో కలుసుకున్నాయి. కూచిపూడి యక్షగానంలో పాత్ర ప్రవేశం దరువుతో, కథ జరగడం సంధివచనంతో, వాదులాట పద్యంతో, ఇలా ప్రతిదానికీ ఒక రూపం ఉంది. ఒక రాగం నుంచి మరో రాగానికి మారడం ఇక్కడ అలంకారానికి జరగదు. మన్మథుడు రావడం, శివుడి కోపం, పార్వతి వేడుకోలు, ఇలా కథలో మలుపు వచ్చిన చోటల్లా రాగం మారుతుంది. మద్దెల నడక మారితే పాత్ర మారినట్టు గుర్తు. రాత్రంతా ఆడే కలాపాన్ని కొద్ది నిమిషాలకు కుదించినా ఒక్క సంధి కూడా తెగినట్టు అనిపించదు. ఈ నిర్మాణం మంచి గొంతు ఉన్నంత మాత్రాన వచ్చేది కాదు. చిన్నప్పుడు తరంగానికి ఆడినవాడికి, విజయనగరంలో రాగం నేర్చినవాడికి, రంగస్థలం చూస్తూ పెరిగినవాడికి వచ్చేది.

ఇక ఆక్షేపణలు. మొదటిదీ బలమైనదీ ఇది: ఘంటసాల పాడిన గొప్ప పాటల్లో చాలా వాటికి బాణీలు ఇతరులవి కదా? మల్లీశ్వరి రాజేశ్వరరావుగారిది, దేవదాసు సుబ్బరామన్‌గారిది, జయభేరి, జగదేకవీరుని కథ పెండ్యాలగారివి. మాయాబజార్‌లో సైతం కొన్ని యుగళగీతాల వరసలు రాజేశ్వరరావుగారివే. నిజమే. ఘంటసాల వీరందరి కంటే పెద్ద స్వరకర్త అని నేను అనడం లేదు. రాగాన్ని కొత్త వెలుగులో చూపే కల్పనలో రాజేశ్వరరావుగారు, గాయకుణ్ణి అంచు దాకా తీసుకెళ్లే సాహసంలో పెండ్యాలగారు ఆయన కంటే ఒక మెట్టు పైన ఉన్నారంటే వాదించను. నా వాదం వేరు. ఇతరుల బాణీని కూడా ఆయన స్వరకర్తలాగే పాడారు. దేవదాసులో తాగుబోతు తూలుడు పాటలో వినపడుతుంది, కానీ శ్రుతి తూలదు. ఏ స్వరాన్ని కొంచెం ఆలస్యంగా అందుకుంటే మత్తు వినిపిస్తుందో, ఏ స్వరాన్ని ముట్టకూడదో తెలిసినవాడి పని అది. సుబ్బరామన్‌గారి దగ్గర సహాయకుడిగా చేసిన అనుభవం ఆయనకు ఉంది. జగదేకవీరుని కథలో రాయిని కరిగించే దర్బారీ కానడ పాట, ఒక్క మెట్టు తొందరపడినా కూలిపోయే నిర్మాణం. పాట మొత్తం కంటి ముందు ఉన్నవాడే మొదట్లో అంత నింపాదిగా ఉండగలడు.

రెండో ఆక్షేపణ శాస్త్రీయ సంగీతజ్ఞులది. రాగాల్ని పలచన చేశాడని, కచేరీ గాయకుడి స్థాయి కాదని. నర్తనశాలనే చూపిస్తారు. దానికి సంగీతం దివిసీమ పెదకళ్ళేపల్లి మనిషి సుసర్ల దక్షిణామూర్తిగారు. బృహన్నల నాట్యం నేర్పే పాటకు ఆయన బాలమురళీకృష్ణగారిని పిలిచారు. ఆ నిర్ణయం సరైనదే. ఆ పాటకు కావలసిన గమక సూక్ష్మం ఘంటసాల గొంతుకు సహజమైంది కాదు. అయితే హద్దు ఉండటం వేరు, ఆ హద్దు తెలియకపోవడం వేరు. ఎదురుగా కూర్చున్నది సంగీత సభ కాదనీ, రెండణాల టికెట్టు కొన్న కూలీ కూడా ఉన్నాడనీ ఎరిగి, రాగంలో జీవస్వరాల్ని మాత్రం ఉంచి మిగతాది వదిలేశారు. మోహన, కల్యాణి, హిందోళం పేర్లు తెలియకుండానే వాటి ముఖాలు గుర్తుపట్టే జనం ఒక తరం పాటు తయారయ్యారు. పలచన చేశారన్న మాట నిజమైతే ఈ గుర్తింపు వచ్చేది కాదు.

మూడో ఆక్షేపణకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒకే మనిషి సంగీత దర్శకుడూ, ప్రధాన గాయకుడూ అయితే మిగతావాళ్లకు చోటెక్కడ? ఎ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్, పిఠాపురం నాగేశ్వరరావు, మాధవపెద్ది సత్యం వంటి సమర్థులకు తెలుగులో రావలసినన్ని పాటలు రాలేదు. నాయకుడంటే ఈ గొంతేనని నిర్మాతలూ, పంపిణీదారులూ స్థిరపరుచుకున్నారు. ఆ అలవాటు వల్ల నాయకుడి పాటకు ఒకే రకం ముద్ర పడింది, స్వరకర్తలు ఆ ముద్రకు తగ్గట్టు కట్టారు. ఈ నష్టం నష్టమే. దీనికి ఘంటసాల ఒక్కడే బాధ్యుడు కాడని మాత్రం చెప్పగలను. పైగా ఒకే గొంతు మీద పడ్డ ఆ పనిభారం మొదట మోసింది ఆయనే. సొంతంగా తీసిన పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ సినిమాలు డబ్బు మిగల్చలేదు. పాడటం, బాణీ కట్టడం, కచేరీలు, ఇలా తీరిక లేని పనిలోనే ఆరోగ్యం దెబ్బతింది. 1974 ఫిబ్రవరి 11న పోయేనాటికి ఆయన వయసు 51.

చివరి రోజుల్లో రికార్డు చేసిన భగవద్గీత నా వాదానికి చివరి సాక్ష్యం. నూటికి పైగా శ్లోకాలు, మధ్య మధ్య తెలుగు తాత్పర్యం. అప్పటికి గొంతులో పాత బలం లేదు. తారస్థాయి దాదాపు వదిలేశారు. గొంతు మాత్రమే ఆయన గొప్పదనమైతే ఇది ఆయన రచనల్లో బలహీనమైనది కావాలి. అలా కాకపోగా, ఆంధ్రదేశంలో ఊరూరా వినపడేది ఇదే. శ్లోకాల్లో ఎక్కువ భాగం అనుష్టుప్పే, పాదానికి ఎనిమిదే అక్షరాలు. వందసార్లు అదే నడక వినిపిస్తే మనసు నిలవదు. ఆయన ప్రతి కొన్ని శ్లోకాలకూ రాగం మార్చారు, ప్రశ్నకూ జవాబుకూ స్థాయి మార్చారు, విశ్వరూపం దగ్గర వేగం పెంచారు, తాత్పర్యాన్ని తేలిక గొంతుతో చెప్పి చెవికి విశ్రాంతినిచ్చారు. నాదం సన్నగిల్లిన చోట నిర్మాణం నిలబడింది. పట్రాయని సీతారామశాస్త్రిగారి కుమారుడు సంగీతరావుగారు ఏళ్ల తరబడి ఆయనకు హార్మోనియం సహకారం అందించారు. విజయనగరం పాఠం ఆ రూపంలోనూ ఆయన వెంట నడిచింది.

అందుకే ఆయన పేరున మనం పెట్టుకునే పోటీల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. పిల్లల్ని వేదిక ఎక్కించి, ఆయన పాటను ఆయన కంపంతో, ఆయన విరుపుతో ఎవరు ఎక్కువ అచ్చుదించితే వారికి బహుమతి ఇస్తున్నాం. తన ముందున్న రంగస్థల నటుల్ని ఘంటసాల అచ్చుదించి ఉంటే ఈ రోజు ఆయన పేరు చెప్పుకునేవాళ్లం కాదు. వాళ్ల పద్యాన్ని తీసుకుని, వాళ్ల కాలానికి లేని మైకుకు సరిపడేలా తిరిగి కట్టాడు కాబట్టే ఆయన ఘంటసాల అయ్యాడు. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఇక ముందు ఆయన పేరున జరిగే పోటీల్లో ఒక విభాగమైనా మార్చండి. ఈనాటి కవి రాసిన, ఇంతవరకూ ఎవరూ పాడని పద్యం ఒకటి పిల్లవాడి చేతికివ్వండి. వారం గడువివ్వండి. దానికి తానే బాణీ కట్టుకుని, తన గొంతుతోనే పాడమనండి. మొదటి ఏడాది సరిగా పాడినవాళ్లు ఇద్దరు కూడా దొరక్కపోవచ్చు. ఆ ఇద్దరి కోసమైనా ఆ పోటీ జరగాలి.